చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి లెక్క రాయాలంటే: వెస్ట్ బ్యాంక్‌కి వాలంటీరుగా వెళ్ళేవాళ్ళకి

తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకోండి. బెత్లెహేం ఊరి ఉత్తరపు కొసన, ఇజ్రాయెల్ కట్టిన గోడ దగ్గర ఉన్న 300 నంబర్ చెక్‌పోస్ట్‌కి నాలుగు కొట్టకముందే చేరుకోవాలి. వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉన్న పాలస్తీనీయుల ప్రాంతం. అక్కడినుంచి జెరూసలేం, ఇజ్రాయెల్ వైపు పనికి వెళ్ళే కూలీలు ఈ చెక్‌పోస్ట్ దాటాలి. ఆలస్యంగా వెళ్తే జనం ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో మీకు తెలీదు. అది తెలియకుండా రాసిన లెక్క సగం లెక్కే.

2018 చలికాలంలో మూడు నెలలు నేను ఈ పని చేశాను. అప్పటి క్యూలు ఇప్పుడు లేవు, ఆ సంగతి చివర్లో చెప్తాను. మా చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో జెరూసలేం, బెత్లెహేం యాత్రకి వెళ్ళొచ్చినవాళ్ళు బోలెడంతమంది. ఏసీ బస్సు ఆగుతుంది, తుపాకీ వేసుకున్న కుర్రాడొకడు ఎక్కి ఒక చూపు చూసి దిగిపోతాడు, బస్సు కదులుతుంది. అదే గోడ పక్కన ఇనుప కటకటాల మధ్య మూడు గంటలనుంచి నిలబడ్డవాళ్ళు బస్సు కిటికీలోంచి కనపడరు. వాళ్ళు కనపడే చోటికి వెళ్ళి, కనపడ్డది కనపడ్డట్టు రాయడమే వాలంటీరు పని.

ఒక్క మాట ముందే చెప్పాలి. చెక్‌పోస్ట్ మనిషి టైము తినేస్తుందని అందరికీ తెలుసు. అంతకంటే పెద్ద దెబ్బ, రేపు ఎంత టైము పడుతుందో తెలియకపోవడం. రోజూ గంట పడుతుందంటే మనిషి గంట ముందు లేస్తాడు, అలవాటు పడతాడు. ఇవాళ ఇరవై నిమిషాలు, రేపు రెండున్నర గంటలు, ఎల్లుండి గేటే తెరవలేదు అంటే ఉద్యోగం, పరీక్ష, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్, పెళ్ళిచూపులు ఏవీ నమ్మకంగా ఒప్పుకోలేడు. ఈ తేడా మీ కాగితం మీద తేలాలి. కింద నేను చెప్పే పద్ధతంతా దానికోసమే.

ఎవరితో వెళ్ళాలి

ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దు. సొంతంగా వెళ్ళి రెండు ఫోటోలు తీసుకుని వచ్చినవాళ్ళ వల్ల అక్కడివాళ్ళకి చిక్కులే తప్ప ఉపయోగం లేదు.

ఈ పనికి దారి వేసినవాళ్ళు ఇజ్రాయెలీ ఆడవాళ్ళే. 2001లో కొందరు కలిసి మహ్‌సోమ్ వాచ్ అనే బృందం మొదలుపెట్టారు. హీబ్రూలో మహ్‌సోమ్ అంటే చెక్‌పోస్ట్. అందులో ఉండేది మహిళలే, చాలామంది నడివయసు దాటినవాళ్ళు. సైనికుడితో అతని భాషలో, మనవడితో మాట్లాడినట్టు మాట్లాడగలరు. ఆ చనువు మనకి రాదు, తెచ్చిపెట్టుకోవద్దు కూడా. బయటి దేశాలవాళ్ళకి బాగా తెలిసిన దారి, జెరూసలేం చర్చి పెద్దల పిలుపు మీద ప్రపంచ చర్చిల మండలి 2002లో పెట్టిన కార్యక్రమం. మామూలుగా మూడు నెలలు అక్కడే ఉండాలి. వెస్ట్ బ్యాంక్ దక్షిణాన ఉన్న హెబ్రోన్ ఊళ్ళో 1997 నుంచి వేరే అంతర్జాతీయ పరిశీలకుల బృందం ఉండేది. 2019 జనవరిలో ఇజ్రాయెల్ ప్రభుత్వం దాని గడువు పొడిగించలేదు, వాళ్ళు వెళ్ళిపోయారు. అంటే చూసే కళ్ళు తగ్గాయి.

భారత పాస్‌పోర్ట్ మీద వెళ్ళేవాళ్ళకి ముందే వీసా కావాలి. జోర్డాన్ వైపునుంచి అలెన్‌బీ వంతెన మీదుగా వెళ్ళినా సరే, వెస్ట్ బ్యాంక్‌లోకి అడుగుపెట్టాలంటే ఇజ్రాయెల్ అధికారులు అనుమతి ఇవ్వాల్సిందే. ఇజ్రాయెల్‌ని బహిష్కరించమని పిలుపునిచ్చే విదేశీయుల్ని రానివ్వకూడదని 2017లో చట్టం వచ్చింది. కాబట్టి మీరు గతంలో రాసిన, సంతకం పెట్టిన వాటి గురించి మిమ్మల్ని పంపే సంస్థకి దాచకుండా చెప్పండి. ఎయిర్‌పోర్ట్‌లో అబద్ధం ఆడొద్దు. మీరు చేయబోయేది సాక్ష్యం చెప్పే పని, అబద్ధంతో మొదలుపెడితే ఎలా?

నేల తెలియకుండా దిగొద్దు

మనలో చాలామంది ఊహించుకునేది సరిహద్దు: ఇటు ఒక దేశం, అటు ఒక దేశం, మధ్యలో చెక్‌పోస్ట్. అసలు సంగతి వేరు. అడ్డంకుల్లో ఎక్కువ భాగం వెస్ట్ బ్యాంక్ లోపలే, పాలస్తీనా ఊరికీ పాలస్తీనా ఊరికీ మధ్యనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల కార్యాలయం 2023 మొదట్లో లెక్కపెడితే 645 తేలాయి. 2025 మొదటికి 849 అయ్యాయి. వీటిలో సైనికులు రాత్రింబవళ్ళు కాపు ఉండేవి కొన్నే. తక్కినవి అప్పుడప్పుడు కాపు పెట్టేవి, రోడ్డుకి అడ్డంగా బిగించిన ఇనుప గేట్లు, మట్టి దిబ్బలు, కాంక్రీటు దిమ్మలు. ఇవి కాక ఉన్నట్టుండి రోడ్డు మీద జీపు ఆపి పెట్టేదొకటి. అరబ్బీలో దాన్ని హాజిజ్ తయ్యార్, అంటే ఎగిరే చెక్‌పోస్ట్ అంటారు. ఏ మ్యాపులోనూ ఉండదు.

వెళ్ళేముందు ఒక్క ప్రయాణాన్ని మ్యాపు మీద వేలితో నడవండి. రామల్లా నుంచి బెత్లెహేం. తిన్నగా జెరూసలేం మీదుగా పోతే పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. ఆకుపచ్చ అట్ట గుర్తింపు కార్డు ఉన్నవాడు పర్మిట్ లేకుండా జెరూసలేంలో అడుగుపెట్టకూడదు. కాబట్టి ఊరిని చుట్టేసి వాది అల్ నార్ అనే లోయలోకి దిగి, మలుపులు తిరిగి, కంటైనర్ అనే చెక్‌పోస్ట్ దాటాలి. ఆ లోయ పేరుకి అర్థం నిప్పుల లోయ. పాలస్తీనావాళ్ళకి వెస్ట్ బ్యాంక్ ఉత్తర భాగాన్నీ దక్షిణ భాగాన్నీ కలిపే ముఖ్యమైన రోడ్డు అదొక్కటే. అక్కడ ఒక సైనికుడు చెయ్యి అడ్డం పెడితే దేశం రెండు ముక్కలవుతుంది.

కార్డుల రంగులు, బండి నంబరు ప్లేట్ల రంగులు బాగా గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చ అట్ట వెస్ట్ బ్యాంక్‌వాళ్ళది, నీలం అట్ట జెరూసలేం పాలస్తీనీయులది. పసుపు ప్లేటు ఇజ్రాయెల్ బండి, తెల్లదాని మీద ఆకుపచ్చ అక్షరాలు పాలస్తీనా బండి. ఒకే ఇంట్లో భర్తది ఆకుపచ్చ, భార్యది నీలం అయితే కాన్పుకి ఏ ఆస్పత్రికి వెళ్ళాలన్నది కూడా కార్డే నిర్ణయిస్తుంది.

ఇజ్రాయెల్ వాదన కూడా తెలిసి ఉండాలి. 2000 నుంచి 2005 దాకా సాగిన రెండో ఇంతిఫాదాలో, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటులో, బస్సుల్లో, హోటళ్ళలో ఆత్మాహుతి బాంబులు పేలి వందలమంది ఇజ్రాయెలీలు చనిపోయారు. గోడా చెక్‌పోస్ట్‌లూ అందుకే అంటుంది ప్రభుత్వం. ఆ చావులు నిజం. గోడ దారిలో ఎక్కువ భాగం వెస్ట్ బ్యాంక్ లోపలినుంచే పోతోందనీ, అది అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమనీ 2004 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా తీర్పు కూడా నిజం. 2024 జులైలో అదే కోర్టు ఆక్రమణ మొత్తం చట్టవిరుద్ధమంది. ఈ రెండు వైపులూ చదువుకుని వెళ్ళండి. గేటు దగ్గర మాత్రం వీటి మీద వాదన పెట్టుకోవద్దు.

సంచిలో ఏముండాలి

జేబులో పట్టే గట్టి అట్ట నోట్‌బుక్, రెండు పెన్నులు, ఒక పెన్సిల్. వానలో పెన్ను రాయదు. చేత్తో నొక్కే కౌంటర్, సెకన్లు కనిపించే వాచీ, పాస్‌పోర్ట్, వీసా కాగితం, నీళ్ళు. డిసెంబరులో బెత్లెహేంలో చలి ఎముకల్లోకి దిగుతుంది, రెండు జతల సాక్సులు వేసుకోండి. సంస్థ ఇచ్చిన జాకెట్ తప్పకుండా వేసుకోవాలి, మీరెవరో దూరం నుంచే తెలియాలి. కత్తెర, చాకు లాంటివి పొరపాటున కూడా సంచిలో ఉండకూడదు.

లెక్కపెట్టే పద్ధతి

ఇద్దరు కావాలి. ఒకరు క్యూ తోక దగ్గర, ఇంకొకరు చెక్‌పోస్ట్ దాటాక జెరూసలేం వైపు బయటపడే చోట. ఇద్దరి వాచీలూ ముందు రోజు రాత్రే కలుపుకోండి. మా ఇద్దరి వాచీల మధ్య నాలుగు నిమిషాల తేడా ఉందని నాకు ఐదోరోజుగానీ తెలియలేదు. ఆ ఐదు రోజుల లెక్కా కొట్టేశాం.

బయటపడేవాళ్ళని అరగంటకోసారి విడదీసి రాయండి: మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, వెనక్కి పంపినవాళ్ళు. వెయ్యిమంది వరసగా వస్తుంటే కళ్ళతో లెక్క అందదు, కౌంటర్ నొక్కుతూ పోవాలి. ఆడవాళ్ళకి గీతలు గీయండి, నాలుగు నిలువు గీతలకి ఒకటి అడ్డం. ప్రతి అరగంటకీ తనిఖీ కిటికీలు ఎన్ని తెరిచి ఉన్నాయో కూడా పక్కన రాయండి. క్యూ ఎందుకు ఆగిందో చాలాసార్లు ఆ ఒక్క అంకెలోనే ఉంటుంది. ముసలివాళ్ళకి, రోగులకి, ఆడవాళ్ళకి, పిల్లలకి వేరే గేటు ఒకటి ఉంటుంది, దాన్ని మానవతా గేటు అంటారు. అది ఎన్నింటికి తెరిచారు, ఎన్నింటికి మూశారు, అడిగితే తెరిచారా? ఇదీ రాయాలి.

ఎంతసేపు పట్టిందో కొలవడానికి మనిషిని ఎంచుకోవాలి. తోక దగ్గరున్న వాలంటీరు సులువుగా గుర్తుపట్టే మనిషిని చూసి అవతలివాళ్ళకి ఫోన్‌లో చెప్పాలి. ఒక ఆదివారం నేనలాగే ఒకాయన్ని ఎంచుకున్నాను. నీలం ప్లాస్టిక్ బకెట్, అందులో తాపీ, ఎర్ర మఫ్లర్. 4:10కి క్యూలో చేరాడు. చంకలో మడిచిన అట్టపెట్టె ముక్క ఉంది. క్యూ ఆగినప్పుడు దాన్ని నేలమీద పరిచి కూర్చున్నాడు, ఫజర్ నమాజు పిలుపు వినపడగానే అదే అట్టమీద నమాజు చేశాడు. కటకటాల అవతల టీ అమ్మే కుర్రాడి దగ్గర కడ్డీల సందులోంచి చెయ్యి చాపి కప్పు అందుకున్నాడు. తోపులాట మొదలయ్యాక కుర్రాళ్ళు కటకటాలెక్కి జనం తలలమీదుగా ముందుకి పాకుతుంటే ఆయన బకెట్‌ని గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకున్నాడు. అవతల ఉన్న మా తోటి వాలంటీరు ఆయన్ని చూసింది 6:32కి. అంటే 2 గంటల 22 నిమిషాలు. ఆ బుధవారం అదే మనిషి, అదే బకెట్, 38 నిమిషాల్లో బయటపడ్డాడు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

అందుకే ఒకే చోట, ఒకే వారాల్లో, ఒకే టైముకి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఇజ్రాయెల్‌లో పనివారం మొదలయ్యేది ఆదివారం, రద్దీ కూడా ఆరోజే ఎక్కువగా ఉండేది. ఆదివారం ఒక్కటే చూసి వచ్చి రోజూ ఇంతే అని రాయకండి. బుధవారం ఖాళీగా ఉంటే ఖాళీ అనే రాయండి. మీకు నచ్చని అంకె రాయగలిగినప్పుడే మిగతా అంకెల్ని ఎవరైనా నమ్ముతారు.

మొదటి వారం నేను "విపరీతమైన రద్దీ", "చాలాసేపు" అని పేజీలు నింపాను. మాకు పని నేర్పిన పెద్దావిడ ఆ పేజీలు చదివి, "ఎంతమంది? ఎన్ని నిమిషాలు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నోరు, చేతులు

జనాన్ని "సబాహ్ అల్ ఖైర్" అని పలకరించండి, "సబాహ్ అన్నూర్" అని జవాబొస్తుంది. పెద్దాయన్ని హజ్జ్, పెద్దావిడని హజ్జే అంటే సంతోషిస్తారు. కొందరు మీ మీద విసుక్కుంటారు కూడా: "రోజూ వచ్చి రాసుకుపోతారు, ఏం మారింది?" అని. తలవంచుకుని వినండి. మారుతుందని మాటివ్వకండి. ఆ మాటివ్వడానికి మీ దగ్గర ఏమీ లేదు.

సైనికులు చాలామంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. గుడ్ మార్నింగ్ చెప్పండి. వెనక్కి జరగమంటే జరగండి, జరిగిన టైము రాసుకోండి. ఎవరినైనా పక్కన నిలబెట్టేస్తే ఎప్పుడు నిలబెట్టారో, ఎప్పుడు వదిలారో చూడండి. గంటలు గడుస్తుంటే సైన్యం నడిపే మానవతా హాట్‌లైన్‌కి ఫోన్ చేసి, ఫలానా చెక్‌పోస్ట్‌లో ఒక మనిషిని ఇంతసేపటినుంచి ఆపారు అని చెప్పండి. ఒక్కోసారి పది నిమిషాల్లో వదిలేస్తారు, ఒక్కోసారి ఏమీ జరగదు. ఫోన్ చేసేముందు మాత్రం ఆ మనిషి ఒప్పుకున్నాడా లేదా కనుక్కోండి. మీరు కల్పించుకోవడం వల్ల పర్మిట్ పోతుందని అతను భయపడుతుంటే ఆ భయాన్ని గౌరవించండి, మీ ధైర్యం కంటే అతని పర్మిట్ విలువైనది. సైనికుడికీ ఆ మనిషికీ మధ్యలోకి మీ ఒంటితో వెళ్ళకండి.

ఫోటోల సంగతి. మొహాలు వద్దు, కార్డులు వద్దు, పిల్లలు అసలే వద్దు. క్యూలో నలిగిపోతున్న తండ్రి బొమ్మని అతని కూతురు ఎక్కడో చూస్తుందన్నది మనసులో పెట్టుకోండి. గేటు, కటకటాలు, చెప్పుల వరస, మూసిన కిటికీ చాలు.

క్యూ దగ్గర ఆగిపోకండి

చెక్‌పోస్ట్ దగ్గర దొరికేది ప్రయాణంలో ఒక ముక్క. మిగతాది ఇళ్ళలో, సర్వీసు అనే షేర్ ట్యాక్సీల్లో దొరుకుతుంది. పసుపు రంగు సర్వీసు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చోండి. ఫోన్ మోగుతూనే ఉంటుంది, దారుల పరిస్థితి చెప్పుకునే గ్రూపుల్లో మెసేజులు పడుతూనే ఉంటాయి. నాబ్లుస్ దగ్గరి చెక్‌పోస్ట్ గురించి ఒకరు అడుగుతారు, "హువారా ఎలా ఉంది?" "సాలిక్." అంటే దారి తెరిచే ఉంది. "అజ్‌మె" అంటే జామ్. "ముసక్కర్" అంటే మూసేశారు. ఈ మూడు మాటలు నేర్చుకుంటే ఒక జాతి పొద్దున్నే ఏం మాట్లాడుకుంటుందో సగం అర్థమైనట్టే. డ్రైవరు ఒక మెసేజ్ చూసి బండి తిప్పేస్తాడు, వెనక కూర్చున్న ఏడుగురి రోజు తిరిగిపోతుంది.

అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు? చేరాల్సిన టైమెంత? చేరిందెప్పుడు? దారి బాగుంటే ఎంతసేపు పడుతుంది? నిన్న ఎంత పట్టింది? ఇవాళ ఆలస్యమవుతుందని ఏ పని మానుకున్నారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు తప్పకుండా వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఒక పంతులమ్మ నాతో అంది, మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం చెప్పడం మానేశానని. సగం మంది పిల్లలు వస్తారో రారో తెలీదు, తానే వస్తుందో రాదో తెలీదు. ఆ బళ్ళో మొదటి పీరియడ్ పాత పాఠాలదే. ఏ కౌంటర్ నొక్కినా ఇది తేలదు.

చోటును బట్టి ప్రశ్నలు మారతాయి. హెబ్రోన్ పాతబస్తీలో బడి టైముకి నిలబడితే సైనికులు ఎన్ని స్కూలు బ్యాగులు తెరిపించారో లెక్కపెట్టండి. జయ్యూస్ లాంటి పల్లెల్లో గోడకి అవతల పడిపోయిన సొంత పొలాలకి వెళ్ళడానికి రైతులకి పర్మిట్ కావాలి, వ్యవసాయ గేటు తెరిచినప్పుడే వెళ్ళాలి, మూసేలోగా తిరిగిరావాలి. కొన్ని గేట్లు ఆలివ్ కోతలప్పుడు తప్ప తెరవరు. అక్కడ రాయాల్సింది గేటు తెరుస్తామన్న టైము, నిజంగా తెరిచిన టైము, ట్రాక్టరుని పోనిచ్చారా మనిషిని మాత్రమే పోనిచ్చారా అన్నది. జెరూసలేం ఆస్పత్రులకి వెళ్ళే రోగిని పాలస్తీనా అంబులెన్స్‌లోంచి దింపి, అవతలి అంబులెన్స్‌లోకి స్ట్రెచర్ మార్చడం కనపడొచ్చు. అక్కడ నిమిషాలు మాత్రం రాసుకుని దూరంగా ఉండండి, రోగి దగ్గరికి వెళ్ళకండి. రంజాన్ శుక్రవారాల్లో వయసు నిబంధన ఆ ఏడు ఏమిటో ముందే తెలుసుకోండి. 2024లో వెస్ట్ బ్యాంక్‌నుంచి జెరూసలేంలోని అల్ అక్సా మసీదుకి మగవాళ్ళయితే 55, ఆడవాళ్ళయితే 50 దాటినవాళ్ళనీ, పదేళ్ళలోపు పిల్లల్నీ మాత్రమే పోనిస్తామన్నారు, అదీ పెద్దవాళ్ళకి పర్మిట్ ఉంటేనే.

రాయడం

ఆరోజు రిపోర్ట్ ఆరోజే రాయండి. నిద్ర ముంచుకొస్తున్నా సరే. పేజీని మూడుగా విడగొట్టుకోండి: నేను చూసింది, నాకు చెప్పింది, నేననుకుంది. మూడో భాగం మీ దగ్గరే ఉంచుకోండి. "సైనికుడు కోపంగా ఉన్నాడు" అన్నది మూడో భాగం. "సైనికుడు కార్డుని నేలమీద పడేశాడు, 5:48" అన్నది మొదటిది. ఎవరి పేరూ, ఊరూ, పని చేసే చోటూ రాయకండి. నోట్‌బుక్ ఎప్పుడైనా మీ చేతిలోంచి పోవచ్చు, అది ఎవరి చేతిలో పడినా ఒక్క మనిషికీ ముప్పు రాకూడదు. ఈ లెక్కలు మీ సంస్థ ద్వారా ఐక్యరాజ్యసమితి కార్యాలయాలకీ, మానవ హక్కుల బృందాలకీ, దౌత్యవేత్తలకీ వెళ్తాయి. ఐరాస పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ప్రతి మనిషికీ తన నేలమీద తిరిగే హక్కు ఉందంటుంది. ఆ హక్కుకి గండి పడిందని చూపించాలంటే తారీఖుతో, టైముతో ఉన్న కాగితం కావాలి.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి

నేను చూసిన 300 ఇప్పుడు లేదు. 2019లో అక్కడ ఎలక్ట్రానిక్ గేట్లు పెట్టాక క్యూ బాగా తగ్గింది. క్యూ తగ్గింది గానీ పర్మిట్ అలాగే ఉంది. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయాక, లక్షకి పైగా పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేశారు. తెల్లవారుజామున కటకటాల దారి బోసిపోయింది. వెస్ట్ బ్యాంక్ లోపల మాత్రం రోడ్ల మీద గేట్లు పెరిగాయి, ఊళ్ళ మీద సెటిలర్ల, అంటే వెస్ట్ బ్యాంక్‌లో కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీల, దాడులు పెరిగాయి. ఇప్పుడు వాలంటీర్ల పని ఎక్కువగా అక్కడ, ఊరి గేటు దగ్గర, బడి దారిలో, ఆలివ్ తోటలో. కొత్త చోట మొదటి రెండు వారాలు పాతవాళ్ళు లేకుండా గడప దాటకండి.

అయినా వారానికోసారి ఆ ఖాళీ చెక్‌పోస్ట్‌కి వెళ్ళి ఉదయం నాలుగింటికి "0" అని రాయండి. ఆ సున్నా మనకి దూరపుది కాదు. అక్కడ నిలబడి వెళ్ళిన మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు ఆగిపోయాక వాళ్ళ చోట పని చేయడానికి ఇజ్రాయెల్ భారతదేశం నుంచి మనుషుల్ని పిలిపించుకుంది. 2024లో తెలంగాణ నుంచి కూడా ఎంపికలు జరిగాయి. అప్పులు తీర్చడానికి వెళ్ళిన మనవాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ పరంజా మీద నిన్నటిదాకా ఎవరు నిలబడ్డారో తెలిసి ఉండాలని మాత్రం కోరుకుంటాను. నీలం బకెట్టాయన ఇప్పుడు ఏం చేస్తున్నాడో నాకు తెలీదు.

తిరిగొచ్చేముందు మీ చోటుకి వచ్చే వాలంటీరుతో ఒక ఉదయమైనా కలిసి నిలబడండి. ఎక్కడ నిలబడితే గేటూ కిటికీలూ రెండూ కనపడతాయో చూపించండి. మానవతా గేటు తెరవమని ఎవరిని అడగాలో చెప్పండి. టీ అమ్మే కుర్రాడికి పరిచయం చేయండి. వాచీలు కలపండి. నోట్‌బుక్‌లో చివరి పేజీ తర్వాతి పేజీకి తారీఖు వేసి, పెన్ను ఆమె చేతికివ్వండి.